కిట్ మొత్తం అమ్మేసి ఒక్క రికో జీఆర్ పెట్టుకోవచ్చా? 28 ఎంఎం తీసుకోవాలా, 40 ఎంఎం తీసుకోవాలా?

వీధిమలుపు (ప్రశ్న)

అందరికీ నమస్తే. నా దగ్గర కెనాన్ 200డీ, 18-55, 55-250, 50 ఎంఎం ఎఫ్/1.8 ఉన్నాయి. బ్యాగు, చార్జర్ లెక్కలోకి తీసుకోకుండానే 1.2 కిలోలు. తీసేవి దాదాపు అన్నీ వీధి ఫొటోలే: చార్మినార్ చుట్టుపక్కల, మొజంజాహీ మార్కెట్, జాతరలు, సంతలు. కెమెరా కంటికి ఆనించేలోపే ఎదుటివాళ్లు సర్దుకుని నిలబడిపోతున్నారు. అందుకే అంతా అమ్మేసి జేబులో పట్టే, లెన్స్ మార్చే పనిలేని రికో జీఆర్ త్రీ (28 ఎంఎం) గానీ, త్రీ ఎక్స్ (40 ఎంఎం) గానీ ఒక్కటే పెట్టుకోవాలని ఆలోచన.

అడగాల్సినవి ఇవీ. 28కీ 40కీ మధ్య ఎలా తేల్చుకోవాలి? ఆటోఫోకస్ మెల్లగా ఉంటుందంటారు, కదిలే మనుషుల్ని పట్టడం ఎలా? సెన్సార్ మీద దుమ్ము చేరుతుందన్న మాట ఎంతవరకు నిజం? దీని బదులు ఫ్యూజీ ఎక్స్100 సిక్స్ తీసుకోవడం నయమా?

ఎఫ్ఎనిమిది

ముందు మీ పాత ఫొటోలనే అడగండి. ఫొటోలు సర్దుకునే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో మెటాడేటా ఫిల్టర్ తెరిచి ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత వెడల్పుగా చూస్తుందో చెప్పే ఎంఎం అంకె, చిన్నదైతే ఎక్కువ వెడల్పు) కాలమ్ పెట్టండి. ఏడాదిలో ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర ఎన్ని తీశారో లెక్క కనబడుతుంది. 18 దగ్గర గుట్టగా పడి ఉంటే మీ చూపు 28ది. 24 నుంచి 30 మధ్య ఎక్కువ ఉంటే 40ది. ఆ తర్వాత 18-55ని 18 దగ్గర పెట్టి జూమ్ రింగుకు టేపు వేసేయండి. 28, 40 అన్నవి ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అంకెలు; మీ కెనాన్ సెన్సార్ అంతకన్నా చిన్నది, దాని అంకెను 1.6తో గుణించాలి (క్రాప్ అనేది ఇదే), కాబట్టి అది 28.8 అవుతుంది. వారం తిరిగాక టేపు తీసి 25 దగ్గర వేయండి, అది సరిగ్గా 40. రూపాయి ఖర్చు లేకుండా తేలిపోయే పని ఇది.

తేడా ఎంతో అంకెల్లో చూడండి. మనిషి మీకు 2 మీటర్ల దూరంలో ఉన్నాడు, కెమెరా అడ్డంగా పట్టుకున్నారు. జీఆర్ త్రీలో సుమారు 2.6 మీటర్ల వెడల్పు, 1.7 మీటర్ల ఎత్తు పడుతుంది. అంటే తల నుంచి కాళ్ల దాకా మనిషీ, పక్కన తోపుడు బండీ, ఆ వెనక దుకాణం బోర్డూ వచ్చేస్తాయి. త్రీ ఎక్స్‌లో 1.8 వెడల్పు, 1.2 ఎత్తు, మోకాళ్ల పైనుంచి మనిషి, ఆ పక్కన కొంచెం చోటు. లాడ్‌బజార్ లాంటి ఇరుకు వీధిలో వెనక్కి జరిగే వీలుండదు, అక్కడ 28 బతికిస్తుంది. కానీ 28తో మీటరు లోపలికి వెళ్లి ముఖం తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఎక్కువగా ముఖాలే తీస్తుంటే 40 తీసుకోండి.

కెమెరాలోనే క్రాప్ మోడ్ (ఫ్రేము అంచులు కోసి దగ్గరగా చూపేది) ఉంటుంది. జీఆర్ త్రీ 24 మెగాపిక్సెల్స్. 35కి క్రాప్ చేస్తే 15, 50కి చేస్తే 7 మిగులుతాయి. త్రీ ఎక్స్‌లో అవే 15, 7 మెగాపిక్సెల్స్‌తో 50, 71 వస్తాయి. 15 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. 7తో పెద్ద ప్రింటు కుదరదు.

ఇక ఫోకస్. ఈ కెమెరాను ఆటోఫోకస్ చూసి కొనకూడదు. సందులో వెలుతురు తగ్గితే లెన్స్ ముందుకూ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది, ఈలోపు మనిషి దాటిపోతాడు. దీని అసలు బలం స్నాప్ ఫోకస్. దూరం ముందే పెట్టేస్తారు: 1, 1.5, 2, 2.5 మీటర్లు, అలా. మెనూలో ఫుల్ ప్రెస్ స్నాప్ ఆన్ చేస్తే, బటన్ సగం నొక్కినప్పుడు మామూలు ఆటోఫోకస్ పనిచేస్తుంది; ఆగకుండా ఒక్క ఊపులో పూర్తిగా నొక్కితే వెతుకులాట లేకుండా మీరు పెట్టిన దూరంలోనే ఫొటో పడిపోతుంది.

పగటికి ఇలా పెట్టండి. ఏవీ మోడ్ (లెన్స్ రంధ్రం సైజు మనం పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది), ఎఫ్/8 (ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదై, స్పష్టంగా ఉండే దూరం పెరుగుతుంది), స్నాప్ దూరం 2.5 మీటర్లు. ఐఎస్‌వో (సెన్సార్ సున్నితత్వం) ఆటో, పై హద్దు 6400, కనీస షట్టర్ 1/250. మీరు కూడా నడుస్తూ తీస్తుంటే 1/500. ఎక్స్‌పోజర్ -0.3 నుంచి -0.7, మన ఎండకు తెల్ల చొక్కాలు పాలిపోకుండా. జీఆర్ త్రీలో ఈ లెక్కన సుమారు 1.15 మీటర్ల నుంచి అనంతం దాకా అన్నీ స్పష్టంగా ఉంటాయి. నీడలోకి వెళ్తే ఐఎస్‌వో 500 దరిదాపుల్లోకి ఎక్కుతుంది, ఆ సెన్సార్‌కు అది లెక్కే కాదు. ఈ మొత్తాన్ని డయల్ మీద మన సెట్టింగులు దాచుకునే యూ1లో సేవ్ చేసుకుంటే డయల్ తిప్పగానే సిద్ధం.

త్రీ ఎక్స్ తీసుకుంటే ఇవే అంకెలు పెట్టుకుని మోసపోకండి. 40లో అదే ఎఫ్/8, అదే 2.5 మీటర్లకు స్పష్టత 1.6 నుంచి 6 మీటర్ల మధ్యే. దూరం అంచనా తప్పితే ఫొటో పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను 28 చెప్పేది ఇందుకే.

దూరం అంచనా వేయడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. టేపు పట్టుకుని గోడ నుంచి 1, 1.5, 2, 2.5 మీటర్ల దగ్గర సుద్దతో గీతలు గీయండి. ఒక్కో గీత మీద నిలబడి గోడకు ఎన్ని అడుగులో కాళ్లకు తెలిసేదాకా నడవండి. జూమ్ లెన్స్‌తో ఈ అలవాటు రాదు, ఎందుకంటే అక్కడ దూరం రోజుకో రకంగా మారుతుంది. ఒకే లెన్స్ ఉంటే చెయ్యి లేవకముందే ఫ్రేములో ఏముంటుందో తెలిసిపోతుంది. టోక్యోలోని షింజుకు వీధుల్ని దశాబ్దాలుగా చిన్న కాంపాక్టులతో తీస్తూ వచ్చిన జపాన్ ఫొటోగ్రాఫర్ దైదో మొరియామా చేతిలో జీఆర్ కనబడేది ఊరికే కాదు. 1996లో వచ్చిన ఫిల్మ్ జీఆర్1 నుంచి 2025 జీఆర్ ఫోర్ దాకా రికో ఆ 28ని వదల్లేదు. 40 అన్నది 2021లో పక్కన చేరిన తోబుట్టువు.

ఎండలో ఎఫ్/2.8 వాడితే ఒకటి గుర్తుంచుకోండి. ఇందులో షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది, ఎఫ్/2.8 దగ్గర 1/2500 దాటదు. మిట్టమధ్యాహ్నం ఐఎస్‌వో 100కి 1/3200 కావాలి, కాబట్టి ఫొటో తెల్లబోతుంది. లోపలే వెలుతురు తగ్గించే 2 స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు సగం) ఎన్‌డీ ఫిల్టర్ ఉంది, అది ఆన్ చేస్తే 1/800కి దిగుతుంది. ఆ షట్టర్‌తోనే ఇంకో మేలు: చప్పుడు దాదాపు ఉండదు.

చీకటిగది

దుమ్ము సంగతి నేను చెప్తా. నిజమే, ఉంటది. పవర్ ఆన్ చేసినప్పుడల్లా లెన్స్ గొట్టం బయటికొస్తది, ఆఫ్ చేస్తే లోపలికి పోతది. ఆ ఊపుకు గాలి, గాలితో పాటు జేబులోని నూలుపోగులు కూడా లోపలికి పోతయి. జీఆర్ త్రీ సెన్సార్‌ను వణికించి దుమ్ము దులిపే ఏర్పాటు ఉంది గానీ, చెమ్మతో అతుక్కున్నది దానికి రాదు. లెన్స్ ఊడదు కాబట్టి బ్లోయర్‌తో (గాలి కొట్టే రబ్బరు బుడ్డితో) మనం తుడుచుకునేది లేదు, సర్వీస్ సెంటర్‌లో విప్పాల్సిందే. వాక్యూమ్ క్లీనర్ పెట్టి గుంజితే వస్తదని చెప్పేటోళ్లున్నరు. ఆ పని చెయ్యకండి, లెన్స్‌లోని సన్నటి షట్టర్ రేకులు కదిలితే ఖర్చు ఇంకా పెరుగుతది.

జేబులో వేసుకోవాలంటే చిన్న జిప్ సంచి ముఖ్యం, బట్టతో కుట్టింది కాకుండా లోపల నున్నగా ఉండేది. ఆన్ చేసేముందు గొట్టం చుట్టూ ఒకసారి బ్లోయర్ కొట్టండి. ఊరికే ఫొటోలు చూసుకోడానికైతే పవర్ బటన్ ముట్టుకోకండి. ప్లేబ్యాక్ బటన్ నొక్కి పడితే లెన్స్ బయటికి రాకుండనే తెర వెలుగుతది. నిమజ్జనం రోజు గులాల్ ఎగిరేకాడ, బీచ్‌ల ఇసుక గాలికాడ మాటిమాటికి ఆన్, ఆఫ్ చెయ్యొద్దు. ఆటో పవర్ ఆఫ్ టైమ్ పెంచి పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే డబ్బులు ఇచ్చేముందు ఇది చెయ్యండి. ఎఫ్/16 పెట్టి, ఫోకస్‌ను మాన్యువల్‌గా దగ్గరికి తెచ్చి, ఖాళీ ఆకాశాన్ని తియ్యండి. ఆ ఫొటో పెద్దగ చేసి మూలమూలకు జరుపుతూ చూడండి. బూడిద రంగు గుండ్రటి మచ్చలు ఎప్పుడూ అదేచోట కనబడితే సెన్సార్ మీద దుమ్మున్నట్టే. తర్వాత లెన్స్ పదిసార్లు బయటికీ లోపలికీ పంపండి, కరకర చప్పుడు రావద్దు. వెనక గుండ్రటి డయల్ ఒక్కో గడి తిప్పి అంకె కూడా ఒక్కో గడే మారుతుందో లేదో చూడండి, అది అరిగితే ముందుకు తిప్పినా వెనక్కి దుంకుతది. లెన్స్ చుట్టూ ఉండే రింగు క్యాప్ వదులైందా చూడండి, అది తెలియకుండ రాలిపోతది. కొత్తదైనా సరే, వారంటీ ఇక్కడ చెల్లుతదా లేదా బిల్లు మీద రాయించుకోండి.

బ్యాటరీ డీబీ-110 కంపెనీ లెక్కనే 200 ఫొటోలు. రోజంతా తిరిగేటోళ్లకు మూడు కావాలి. ఒలింపస్ టీజీ-6 కెమెరాకు వచ్చే ఎల్ఐ-92బీ బ్యాటరీ కూడా ఇందులో పడతది. చార్జింగ్ యూఎస్‌బీ-సీ, పవర్ బ్యాంక్ చాలు. కార్డు మర్చిపోయినా లోపల 2 జీబీ ఉంది, ఆ పూట గడిచిపోతది.

గోదారిగట్టు

పైవాళ్లు చెప్పినవన్నీ సరైనవే, నేనూ జీఆర్ వైపే. కానీ అమ్మేముందు ఒక్క మాటండి. 55-250తో పిట్టల్నో, పిల్లల స్కూలు ఆటల్నో, స్టేజీ మీద డాన్సునో తీసే అవసరం ఏడాదికి నాలుగుసార్లున్నా, బాడీని, ఆ ఒక్క లెన్స్‌నీ ఉంచేసుకోండి. 200డీ పాత మోడల్, ఇప్పుడు అమ్మినా పెద్దగా రాదు. 50నీ 18-55నీ ఇచ్చేయొచ్చు. వీడియో కావాలనుకుంటే జీఆర్ వద్దే వద్దు: 1080 దాకానే, మైక్ పెట్టే చోటు కూడా లేదు.

ఎక్స్100 సిక్స్ మంచి కెమెరా. 40 మెగాపిక్సెల్స్, 35కి సమానమైన ఎఫ్/2 లెన్స్, కంటికి ఆనించే వ్యూఫైండర్, 4 స్టాపుల ఎన్‌డీ. అడాప్టర్ రింగు, ఫిల్టరు బిగిస్తే తుంపరనూ తట్టుకుంటుంది. కానీ 521 గ్రాములు. జీఆర్ త్రీ 257, అంటే అందులో సగానికన్నా తక్కువ. ఎక్స్100 చొక్కా జేబులో పట్టదండి, మెడలో వేలాడుతుంది. మెడలో కెమెరా చూడగానే జనం సర్దుకుంటారు. మీ ఇబ్బంది మొదలైంది అక్కడే కదా. జీఆర్‌ను ఒంటిచేత్తో నడుం దగ్గర పట్టుకుంటే ఫోన్ చూసుకుంటున్నారనుకుంటారు. ఆన్ అయ్యేందుకు 0.8 సెకను చాలు.

ఎండలో తెర కనబడదన్నది మాత్రం నిజం. కెమెరా పైనుండే హాట్ షూలో (ఫ్లాష్ బిగించే చోట) 28కి జీవీ-2 అనే చిన్న ఆప్టికల్ వ్యూఫైండర్ దొరుకుతుంది, 40కి జీవీ-3. వాటిలో ఫోకస్ ఎక్కడుందో కనబడదు. స్నాప్ ఫోకస్ వాడేవారికి ఆ అవసరమే రాదు.

వీధిమలుపు

చాలా థ్యాంక్సండీ. లైట్‌రూమ్‌లో చూశాను, మూడింట రెండొంతులు 18 నుంచి 20 మధ్యే ఉన్నాయి. 28 ఖాయం చేసుకున్నట్టే. బాడీ, 55-250 ఉంచేస్తాను. ఆఖరుగా ఒక్కటి: ఆషాఢంలో బోనాలు తీయాలి. సాయంత్రం వెలుతురు, పైన వాన, ఎదురుగా పోతరాజు. ఎఫ్/8తో కుదరదు కదా?

ఎఫ్ఎనిమిది

కుదరదు. రాత్రికి యూ2 వేరేగా పెట్టుకోండి: ఎఫ్/2.8, స్నాప్ దూరం 2 మీటర్లు, కనీస షట్టర్ 1/125. దుకాణాల లైట్లు బాగా పడేచోట ఐఎస్‌వో 800, కాస్త పక్కకు జరిగితే 3200 అవుతుంది. కానీ అప్పుడు స్పష్టత 1.5 నుంచి 3 మీటర్ల మధ్యే ఉంటుంది. ఎఫ్/4కి వెళ్తే 1.35 నుంచి 3.8, వెలుతురు ఉన్నంతసేపూ అదే వాడండి. బోనం ఎత్తుకుని నడిచేవాళ్లకు 1/125 సరిపోతుంది. పోతరాజుకు, ఆ కొరడాకు 1/500 ఉండాలి, అందుకని పొద్దు వాలకముందే తీసుకోండి. కొరడా తిరిగే మేర విడిచి మూడు మీటర్లు వెనకే ఉండి, ఆటోఫోకస్‌తో కానిచ్చి, తర్వాత 35కి క్రాప్ చేసుకోండి.

షేక్ రిడక్షన్ ఉంది కదా అని 1/15కి దిగకండి. అది మీ చేతి వణుకునే ఆపుతుంది గానీ ఎదుటివాళ్ల కదలికను కాదు. గుడి గోపురం, దీపాల వరుస లాంటివైతే 1/15 కూడా చక్కగా వస్తుంది.

వానకు ఈ కెమెరాలో ఏ రక్షణా లేదు. తడిసిన గొట్టం లోపలికి వెళ్లిందంటే ఆ నీరు కూడా లోపలికే. చినుకు పడితే ముందు గొట్టం పొడిబట్టతో తుడిచి, ఆ తర్వాతే ఆఫ్ చేయండి. అప్పటిదాకా అరచేతి కింద, గొడుగు కింద ఉంచండి. పసుపు చల్లుకునే చోట కూడా అంతే, పొడిబట్ట బదులు బ్లోయర్.