మనోళ్ల కంపెనీనా, బయటి దేశపోళ్లదా? జీతం ముచ్చట జర చెప్పుండ్రి

అన్నలు, అక్కలు జర సలహా కావాలె. మాది మహబూబ్‌నగర్, బీఎస్సీ చేసి జడ్చర్ల దిక్కు ఒక మందుల కంపెనీల, మనోళ్లదే, ప్యాకింగ్‌ల నాలుగేండ్ల సంది చేస్తున్న. బ్లిస్టర్ మిషన్ (గోలీలను అట్టల్ల ప్యాక్ చేసేది) నేనే నడుపుత, ఫాయిల్ రోల్ మార్చుడు, బ్యాచ్ నంబరు సరిచూసుడు అన్ని నేనే, కని నా పేరుకు ఎదురుంగ హెల్పర్ అనే ఉంటది. పక్క మిషన్ మీద నా తర్వాత రెండేండ్లకు వచ్చిన పిల్లగాడేమో ఆపరేటర్, నాకు 14,500 అయితే ఆయనకు 18,000 (పే స్లిప్ టిఫిన్ డబ్బ కింద మర్చిపోతే చూసిన లెండి). అడిగితే సూపర్‌వైజర్ సారు "వాడు నైట్ షిఫ్ట్ చేస్తడమ్మా" అన్నడు, నన్ను నైట్‌కు పెట్టనిది వాళ్లే!

ఇప్పుడు ఒక విదేశీ కంపెనీల 19,000 ఇస్తమంటున్నరు, మూడు షిఫ్టులు, బస్సు ఉంది. అయితే అక్కడ చేసే మా దోస్తు ఏమంటదంటే జీతం మనకంటె ఎక్కువే గని మొగోళ్లకు ఇంకింత ఎక్కువ, లైన్ లీడర్లంత వాళ్లే, పెండ్లయినంక ఆడోళ్లు చానమంది మానేస్తరట.

ఒకే తీరు పనికి ఆడ మగ తేడా లేకుంట జీతం ఇయ్యాలనే 1976 సమాన వేతన చట్టం అన్నది, దాని జాగల వచ్చిన 2019 వేతనాల కోడ్ గూడ అదే అంటది, కంపెనీ ఎవలదైనా. మరి కాగితం మీద హెల్పర్ అని ఉంటే ఒకటే పని అని ఎట్ల చూపియ్యాలె? బ్యాచ్ రికార్డుల నా సంతకాలు పనికొస్తయా? లేబర్ ఆఫీసుల అడిగితే నౌకరికే ఎసరొస్తదా? రెండు తీర్ల కంపెనీలల్ల చేసినోళ్లు చెప్పుండ్రి, ముఖ్యంగ అక్కలు. శుక్రవారం లోపట వాళ్లకు ఏదో ఒకటి చెప్పాలె.