అప్‌డేట్: ఎమ్మెస్సీ సీటు వచ్చింది

ఫైనల్ ఇయర్ మొదట్లో ఇక్కడ అడిగాను: బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక నాన్న బీఈడీ చెయ్యమంటున్నారు, నాకేమో ఎమ్మెస్సీ మీదే మనసు, ఏం చెయ్యాలి అని. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలు జామ్ (ఐఐటీల్లాంటి చోట్ల సీట్లకు), సీపీగెట్ (తెలంగాణ యూనివర్సిటీలకు) రెండూ రాయమన్నారు మీరు. రాశాను.

జామ్‌లో ర్యాంకు రాలేదు. మొత్తం 60 ప్రశ్నలు. మొదటి 30కే నెగెటివ్ మార్కులు. చివర్లో జవాబు నంబరుగా టైపు చెయ్యాల్సినవి 20 ఉంటాయి. వాటిలో తప్పైనా మార్కులేం పోవు, అయినా భయపడి సగం వదిలేశాను. ఈసారి రాసేవాళ్లు దయచేసి అలా చెయ్యకండి. సీపీగెట్‌లో నెగెటివ్ లేదు, 90 నిమిషాల్లో వంద ప్రశ్నలకూ జవాబులు పెట్టేశాను. ఉస్మానియాలో సీటొచ్చింది!

అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, బకాయి కడితేనే టీసీ ఇస్తామంది మా డిగ్రీ కాలేజీ. ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బుకు పిల్లల సర్టిఫికెట్లు ఆపడం చాలా అన్యాయం. నాలుగుసార్లు తిరిగాం. రిపోర్టింగ్ గడువు ఇంకొక్క రోజుందనగా నాన్న వడ్డీకి తెచ్చి కట్టారు. టీసీని ఎరువుల కొట్టు కవర్లో పెట్టుకుని, హైదరాబాద్ చేరేదాకా ఒళ్లోంచి దించలేదు. బీఈడీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాయొచ్చని, అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000 ఇస్తారని బస్సులోనే చెప్పాను. "అయితే అదీ రాయమ్మా" అన్నారు.

మీ అందరికీ చాలా థాంక్స్.