అప్‌డేట్: కామారో 350 ఇంజిన్‌కు కామ్‌షాఫ్ట్ ఖరారైంది

1969 షెవర్లే కామారో కారులోని 350 (ఘనపు అంగుళాల) ఇంజిన్‌కు ఏ కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూయించే కడ్డీ) మేలని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా! టాపెట్ 0.050 అంగుళాలు లేచిన దగ్గర కొలిస్తే 218 డిగ్రీల డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే వ్యవధి) ఉన్న హైడ్రాలిక్ ఫ్లాట్ టాపెట్ కామ్ (చదునైన అడుగున్న టాపెట్లను నెట్టే రకం) వేశాం. మనసు 230 డిగ్రీల కామ్ మీదే ఉండేది. కానీ కంప్రెషన్ 9:1 మాత్రమే, పైగా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌ను ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు కలిపేది) కూడా పాతదే. అంత పెద్ద కామ్‌తో పవర్ బ్రేకులకు కావాల్సిన వ్యాక్యూమ్ (ఇంజిన్ పీల్పు) చాలదన్న మీ సలహాయే నెగ్గింది, అందుకు కృతజ్ఞతలు.

వాల్వ్ స్ప్రింగులు కామ్‌కు తగినవే మార్చాం. కామ్ లోబ్‌లకు (టాపెట్లను నెట్టే ఉబ్బెత్తు భాగాలకు) నల్లటి మాలిబ్డినం పేస్టు దట్టంగా పూసి, జింకు ఎక్కువున్న ఆయిల్ పోశాం. స్టార్ట్ కాగానే ఐడిల్‌కు (యాక్సిలరేటర్ నొక్కనప్పటి వేగానికి) దిగనివ్వకుండా 2,000 ఆర్‌పీఎం పైనే 20 నిమిషాలు నడిపాం. ఫ్లాట్ టాపెట్ వేసేవాళ్లు దయచేసి ఇది మానకండి, లోబ్‌లు అరిగిపోతాయి.

ఇప్పుడు ఐడిల్‌లో వ్యాక్యూమ్ 16 అంగుళాల (పాదరసం) దగ్గర నిలకడగా ఉంది. బ్రేకులు బాగా పడుతున్నాయి. సన్నని కుదుపుతో వచ్చే ఆ గురగుర శబ్దం ఎంత హాయిగా ఉందో!