చిన్న పిల్లలతో పంప్కిన్ ఫార్మ్‌కు వెళ్లాలని ఉంది, సలహా ఇవ్వగలరు

ప్రశ్న (నేపర్‌విల్, ఇల్లినాయ్)

అందరికీ నమస్కారం. అక్టోబరు రెండో వారంలో పిల్లలను పంప్కిన్ ఫార్మ్‌కు (గుమ్మడి తోటకు) తీసుకువెళ్లాలని అనుకుంటున్నాము. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు కూడా వస్తారు, అయితే మోకాళ్ల నొప్పుల వల్ల ఆవిడ ఎక్కువ దూరం నడవలేరు. శనివారం వెళ్లడం మంచిదా, లేక సెలవు పెట్టి మామూలు రోజున వెళ్లడం మంచిదా? మేకలకు చేత్తో మేత పెట్టే చోటికి పాపను తీసుకువెళ్లవచ్చా? అక్కడి గుమ్మడికాయలు దప్పళానికి పనికివస్తాయా అని అత్తయ్యగారు అడుగుతున్నారు.

జవాబు (అరోరా)

వీలైతే మామూలు రోజున, తెరిచిన వెంటనే వెళ్లండి. అక్టోబరు శనివారాల్లో పార్కింగ్‌కూ హే రైడ్‌కూ (గడ్డి పరిచిన బండిలో షికారుకు) వరుసలో నిలబడేసరికే చిన్న పిల్లల ఓపిక అయిపోతుంది. కొన్ని ఫార్మ్‌లలో హే రైడ్ ట్రాక్టర్లు వారాంతాల్లోనే నడుస్తాయి కాబట్టి బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి; ట్రాక్టర్ వెనుక బండిలో కూర్చుని పొలం దాకా వెళ్లగలిగితే అత్తగారికి నడక తప్పుతుంది. ముందురోజు వాన పడితే నల్లమట్టి బురదలో స్ట్రోలర్ చక్రాలు కదలవు, అందుచేత పాపను ఎత్తుకునే క్యారియర్ తీసుకువెళ్లండి. ఆ రోజుల్లో ఇక్కడ ఉదయం 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండి మధ్యాహ్నానికి 60 దాటడం మామూలే, కాబట్టి ఒకే మందపాటి కోటు కన్నా విప్పడానికి వీలుగా రెండు మూడు పొరలు వేయండి. కార్న్ మేజ్ (మొక్కజొన్న చేనులో మలుపుల దారుల ఆట) పెద్దదైతే ఈసారికి వదిలేయండి, మొక్కజొన్న చేను మధ్యలో నాలుగేళ్ల బాబు నడవనని కూర్చుంటే బయటికి దగ్గరి దారి ఉండదు.

జవాబు (షాంబర్గ్)

పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను, అందుకే మేకల సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మేకలు, ఆవులు, గొర్రెల పేడలో కూడా ఈ-కోలై ఓ157 అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది సోకితే రక్త విరేచనాలు పట్టుకుంటాయి, అయిదేళ్ల లోపు పిల్లల్లో ఒక్కోసారి మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. 2004లో నార్త్ కరొలైనా స్టేట్ ఫెయిర్‌లో ఇలాంటి చోటు నుంచే వందమందికి పైగా జబ్బుపడ్డారు. అలాగని పిల్లలకు ఆ ముచ్చట తప్పించమని అనను. బాబు చేత మేత పెట్టించండి, పాపను మాత్రం చంక దించకుండా దూరం నుంచి చూపించండి, ఎందుకంటే ఆ వయసులో చేతికందినదల్లా నోట్లోకే వెళ్తుంది. పాలసీసా, పాసిఫయర్, చిరుతిండి కంచె లోపలికి తీసుకువెళ్లకండి. బయటికి రాగానే అందరూ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి. చేతులకు మట్టి, పేడ అంటినప్పుడు శానిటైజర్ సరిగా పనిచేయదు.

జవాబు (పియోరియా)

మీ అత్తగారి ప్రశ్నకు నేను చెప్తాను. గుమ్మడి సాగులో ఇల్లినాయ్‌దే అమెరికాలో మొదటి స్థానం, డబ్బాల్లో వచ్చే గుజ్జుకు కావలసిన పంట ఎక్కువగా మా పియోరియా, మోర్టన్ చుట్టుపక్కలే పండుతుంది. హాలోవీన్ పండక్కి (అక్టోబరు 31) ముఖాలు చెక్కడానికి అమ్మే పెద్ద నారింజ రంగు కాయలో నీరు, పీచు ఎక్కువ, తీపి తక్కువ. దప్పళంలో వేస్తే ముక్క చెదిరిపోతుంది. చిన్నగా, గుండ్రంగా ఉండే ‘పై పంప్కిన్’ (pie అనే తీపి వంటకానికి వాడే గుమ్మడి) అంతకన్నా నయం. కానీ మన తీపి గుమ్మడి రుచి కావాలంటే బటర్‌నట్ అనే పొడవాటి గుమ్మడి తీసుకోండి, రెండూ కుకుర్బిటా మొస్కాటా అనే ఒకే జాతివి. చెక్కు తీసి కాస్త పెద్ద ముక్కలుగా తరిగి, ములక్కాడలు సగం ఉడికాక వేస్తే ముక్క విడవదు, బెల్లం కూడా తగ్గించుకోవచ్చు. అలంకరణకు పెట్టే చారల బుల్లి కాయలను మాత్రం వండవద్దు. ఏ గుమ్మడి అయినా ముక్క చేదుగా తగిలితే కాయ మొత్తం పారేయండి, ఆ చేదు ఉడికించినా పోదు, కడుపు పాడుచేస్తుంది.

కాయను ఎంచేటప్పుడు గోరు గుచ్చి చూడండి. తొక్కలో గోరు దిగకపోతే ముదిరినట్లు. బాబును తొడిమ పట్టుకుని ఎత్తనివ్వకండి, తొడిమ విరిగిన చోటి నుంచే కుళ్లు మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మంగళవారం ఉదయం వెళ్తాము. ఆ రోజే ముఖం చెక్కితే హాలోవీన్ దాకా నిలుస్తుందా?

జవాబు (పియోరియా)

నిలవదండీ, చెక్కిన కాయ కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. బాబు చేత రంగులు వేయించండి. చెక్కని కాయ చల్లని చోట నెల దాటి ఉంటుంది, మంచు కురిసే రాత్రుల్లో మాత్రం లోపల పెట్టుకోండి.