లివర్‌లో 4.2 సెంటీమీటర్ల గడ్డ. క్యాన్సరేనా, ఇంకేమన్నా కావచ్చా?

ప్రొద్దుటూరు నుంచి:

మా చెల్లెలికి 32 ఏండ్లు. ఎనిమిది నెలల పాప ఉంది, ఇంకా పాలిస్తోంది. పోయిన వారం కుడిపక్క నొప్పి అంటే పిత్తాశయంలో రాళ్లేమోనని స్కానింగ్ తీయించినాము. రాళ్లు లేవు గానీ లివర్‌లో గడ్డ కనపడింది. సీటీ తీసి, రిపోర్టు కింద 'హెపాటోసెల్యులర్ కార్సినోమా కావచ్చు' అని, అంటే లివర్ క్యాన్సర్ కావచ్చని రాసినారు. ఆ కాగితం చదివినప్పటి నుంచి మా అమ్మ సరిగా అన్నం తినలేదు. హెపటైటిస్ బి, సి రెండూ లేవు. ఏఎఫ్‌పీ అని లివర్ క్యాన్సర్ అనుమానానికి చేసే రక్తపరీక్షలో 3 వచ్చింది, అది మామూలే. లివర్ కూడా మామూలుగానే ఉందన్నారు. ఇక్కడ సూదితో ముక్క తీసి బయాప్సీ చేద్దామంటున్నారు, మా మరిది వేలూరు పోదామంటున్నాడు. ఇది క్యాన్సర్ కాకపోయే అవకాశం ఏమన్నా ఉందా? ధైర్యం కోసం అబద్ధం మాత్రం చెప్పకండి.

కర్నూలు నుంచి:

అమ్మా, నాలుగేండ్ల కింద నా రిపోర్టులో కూడా ఇదే మాట రాసినారు. అప్పుడు నాకు 36. ఆ రాత్రి బీరువాలోని ఎల్‌ఐసీ కాగితాలు తీసి, ఏది ఎక్కడుందో మా పెద్దదానికి చూపించినాను. అందుకే మీ ఇంట్లో ఇప్పుడెట్లా ఉంటుందో నాకు తెలుసు.

నాది చివరికి ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అని తేలింది, డాక్టర్లు ఎఫ్‌ఎన్‌హెచ్ అంటారు. అందులో ఉండేది పరాయి కణాలు కావు, లివర్ కణాలే. ఒకచోట రక్తనాళం పుట్టుకతోనే తేడాగా ఉండి రక్తం ఎక్కువ అందితే, అక్కడ లివరే గుంపుగా పెరుగుతుందని నాకు చెప్పినారు. ఇది క్యాన్సర్‌గా మారదు. మన వయసు ఆడవాళ్లలోనే ఎక్కువగా కనపడుతుందంట.

మరి క్యాన్సర్ అని ఎందుకు రాసినారంటే, రెండింటికీ రక్తం ధమని నుంచే ఎక్కువగా వస్తుంది. సీటీలో బొమ్మ తేటగా పడేందుకు నరానికి ఎక్కించే మందు ఇచ్చిన మొదటి అరనిమిషంలో తీసిన బొమ్మలో రెండూ తెల్లగా మెరుస్తాయి. తేడా తెలిసేది ఆ తర్వాతే. క్యాన్సర్ గడ్డ తొందరగా చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. నాది లివర్ రంగులో కలిసిపోయింది. నడిమధ్య ఒక మచ్చ, దాని నుంచి బండి చక్రం ఆకుల్లాగా గీతలు. డాక్టరమ్మ తెర మీద వేలుపెట్టి చూపించింది.

అనుమానం తీర్చింది మాత్రం ఎమ్మారై. లివర్ కణాలు లోపలికి పీల్చుకునే మందు ఒకటుంది, గాడోక్సెటేట్ అంటారు. అది ఎక్కించి 20 నిమిషాలు ఆగి మళ్లీ తీసినారు. నా గడ్డ ఆ మందును పట్టుకునే ఉంది. క్యాన్సర్ గడ్డల్లో చాలావాటికి ఆ పని చేతకాదు. బయాప్సీ తప్పని నేననను, కానీ ముందు ఈ ఎమ్మారై సంగతి అడగండి. హెమాంజియోమా అనే రక్తనాళాల గడ్డయితే సూది గుచ్చినప్పుడు రక్తం కారే ప్రమాదం ఉంటుంది. చెల్లెలు ఎప్పుడన్నా గర్భనిరోధక మాత్రలు వాడి ఉంటే అది తప్పకుండా చెప్పమనండి. అడినోమా అనే ఇంకో రకం లివర్ గడ్డకూ ఆ మాత్రలకూ సంబంధం ఉంది.

అనంతపురం నుంచి, సీటీ టెక్నీషియన్:

నేను బొమ్మలు తీసేవాణ్ని, రిపోర్టు రాసేవాణ్ని కాదు. అక్కా, ముందు సీడీ తెచ్చుకోండి, వేలూరులో కాగితం కంటే అదే ముఖ్యం. ఎన్ని ఫేజులు, అంటే మందు ఎక్కించినాక ఎన్నిసార్లు బొమ్మ తీసినారో అడగండి. లివర్ గడ్డకైతే మందు ఎక్కించినాక సుమారు 35 సెకన్లకు, 70 సెకన్లకు, మూడు నిమిషాలకు తీయాలి. ఒక్కసారే తీసి ఉంటే మెరిసిన గడ్డ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పలేరు. ఇంకోటి, బొమ్మ చూసే క్యాన్సర్ అని ఖాయం చేసే పద్ధతి సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడే జబ్బు), హెపటైటిస్ బి ఉన్నవాళ్ల కోసం పెట్టుకున్నది. ఆరోగ్యంగా ఉన్న లివర్‌కు దాన్ని అట్లే వాడకూడదు.

కడప నుంచి:

నిజమే చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నా. మా నాయనకు హెపటైటిస్ బి ఉండేది. ఏఎఫ్‌పీ మామూలుగానే ఉందని, గడ్డ మంచిదేలే అనుకుని ఆరు నెలలు ఊరుకున్నాము. క్యాన్సరే అయింది. మీ చెల్లెలి పరిస్థితి వేరు, ఆశ ఎక్కువే ఉంది. కానీ ఏఎఫ్‌పీ 3 అన్న ఒక్కదాన్నే నమ్ముకుని ఎమ్మారై వాయిదా వేయొద్దు.

ప్రొద్దుటూరు నుంచి:

సీడీ తెచ్చినాము. అన్న చెప్పినట్లే ఒక్క ఫేజే తీసినారు. గురువారం వేలూరు పోతున్నాము. ఆ ఎమ్మారై మందు ఎక్కిస్తే పాపకు పాలు ఆపాలా? చెల్లెలు గడ్డ కంటే దీని గురించే ఎక్కువ ఏడుస్తోంది.

అనంతపురం నుంచి, సీటీ టెక్నీషియన్:

ఆపాల్సిన పని లేదక్కా. పాలలోకి వచ్చేదే చాలా తక్కువ, అందులో బిడ్డ రక్తంలో చేరేది ఇంకా తక్కువ. అయినా మనసొప్పకపోతే ముందే పాలు పిండి పెట్టుకుని ఒక రోజు అవి పట్టండి. పాలిస్తున్న సంగతి అక్కడ కూడా చెప్పండి. కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కాగితం తీసుకపోండి. లోపల చాలాసేపు పడుతుంది, పాపను ఎత్తుకోవడానికి మీ అమ్మను కూడా పిలుచుకుపోండి.