అప్‌డేట్: బకెట్‌లో మిరప ఆకులు పసుపెక్కడానికి కారణం దొరికింది

పాత పెయింట్ బకెట్లలో వేసిన మిరప మొక్కల ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయని నెల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ఎరువు ఆపి ముందు వేర్లు చూడండి" అన్నవారి మాటే నిజమైంది.

మొక్కను బయటికి తీస్తే అడుగు మట్టి బురదలా ఉంది, మురుగు వాసన. వేర్లు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడొచ్చేస్తోంది. బకెట్ అడుగున ఉన్న ఒక్క రంధ్రమూ నేలకు ఆనుకుని మూసుకుపోవడంతో, నీళ్లు బయటికి పోక వేర్లు కుళ్లాయి.

అడుగున ఎనిమిది, పక్కన కింది అంచులో నాలుగు రంధ్రాలు చేసి, బకెట్లను పగిలిన టైల్ ముక్కలపైకి ఎక్కించాను. కుళ్లిన వేర్లు కత్తిరించి, మట్టిలో ముతక ఇసుక కలిపి మళ్లీ నాటాను. ఇప్పుడు వేలు గుచ్చి, పైన రెండు అంగుళాలు పొడిగా తగిలితేనే నీళ్లు పోస్తున్నాను.

మూడు వారాలకు చిగుళ్లొచ్చాయి. ఒక మొక్క మాత్రం దక్కలేదు, బాధేసింది. ఎప్సమ్ సాల్ట్ (మొక్కలకు వేసే మెగ్నీషియం లవణం), వేపనూనె కూడా వాడాను కానీ, ఈ సమస్యకు వాటితో సంబంధమే లేదు.