కరీబియన్‌లోని సబా దీవిలో స్క్యూబా డైవింగ్: ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ సరిపోతుందా?

ప్రశ్న:
నమస్కారం అండీ. మేం డాలస్‌లో ఉంటాం. రెండేళ్ల కిందట ఇండియా వెళ్లినప్పుడు అండమాన్‌లోని హావ్‌లాక్‌లో డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేశాను. ఇప్పటికి పాతిక డైవ్‌లు అయ్యాయి. ఫిబ్రవరిలో ఐదు రోజులు సెలవు దొరికింది. అందరూ మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్లమంటున్నారు గానీ నా మనసు సబా మీదే ఉంది. మా ఆవిడకి ఈత రాదు, తనకేమైనా కాలక్షేపం ఉంటుందా? నా సర్టిఫికెట్ సరిపోతుందా? నాలుగో రోజు పొద్దున రెండు డైవ్‌లు చేసి, మధ్యాహ్నం ఇద్దరం అక్కడి కొండ మౌంట్ సీనరీ ఎక్కి, మర్నాడు ఫ్లైట్ పట్టుకుందామని ప్లాన్. సరేనా?

జవాబు:
వెళ్లొచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. సర్టిఫికెట్ చూపిస్తే డైవ్‌కి తీసుకెళ్తారు, కానీ సబాకి పేరు తెచ్చిన చోట్లకి తీసుకెళ్లరు. అక్కడి ప్రత్యేకత పినాకిల్స్. సముద్రం అడుగు నుంచి స్తంభాల్లా లేచిన రాళ్లవి. థర్డ్ ఎన్‌కౌంటర్ లాంటి చోట వాటి కొసలే దాదాపు 30 మీటర్ల లోతులో ఉంటాయి. మీ కార్డు హద్దు 18 మీటర్లు. అంతకన్నా లోతుకి వెళ్లాలంటే అడ్వాన్స్‌డ్ కోర్సు చేయాలి, అంటే ఐదు డైవ్‌లు. థియరీ ఇంట్లోనే ఆన్‌లైన్‌లో చదువుకుని వెళ్తే అక్కడ రెండు రోజుల్లో అయిపోతుంది. దానితోపాటు నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) కోర్సు కూడా చేసేయండి. మామూలు గాలితో 30 మీటర్ల దగ్గర డైవ్ టేబుల్ ఉండనిచ్చేది 20 నిమిషాలే, 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ 32తో 30 నిమిషాలు. అయితే దానితో 33 మీటర్లు దాటకూడదు. అంత లోతులో అంత తేటగా కనబడుతుంటే ఇంకొంచెం దిగుదామనే అనిపిస్తుంది. లోతూ సమయమూ చూపే డైవ్ కంప్యూటర్ మీద ఓ కన్నేసి ఉంచండి.

తక్కువ లోతులో కూడా మంచి చోట్లున్నాయి. టెంట్ రీఫ్ నాకు పినాకిల్స్ కన్నా ఎక్కువ నచ్చింది. ల్యాడర్ బే వైపు ఒక చోట ఇసుకలో వేళ్లు దూరిస్తే వెచ్చగా తగులుతుంది. దీవి మొత్తం నిద్రపోతున్న అగ్నిపర్వతమే కదా! 1987 నుంచి చుట్టూ 60 మీటర్ల లోతు దాకా మెరైన్ పార్కు. పగడాల మీద లంగరు వేయకుండా పడవల్ని నీటి మీద తేలే బోయాలకి కడతారు.

ఇంకొకరు:
మూడో ప్రశ్నని పైన ఎవరూ పట్టించుకోలేదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. డైవ్‌లయ్యాక ఒంట్లో చేరిన నైట్రజన్ పోవడానికి ఫ్లైట్‌కి ముందు 18 గంటలు ఆగాలని మీకు తెలుసు, అది లెక్క వేసుకున్నారు. మరి కొండ? ఆ 18 గంటల లెక్క 600 మీటర్ల ఎత్తు నుంచే వర్తిస్తుంది. మౌంట్ సీనరీ 887 మీటర్లు. వెయ్యీ అరవై నాలుగు మెట్లు, పైగా మంచు తడికి నాచు పట్టి ఉంటాయి. పొద్దున డైవ్ చేసి మధ్యాహ్నం అక్కడికెక్కడం, శరీరానికి సంబంధించినంత వరకు, విమానం ఎక్కినట్టే. నాలుగో రోజు పొద్దున 10 కల్లా డైవింగ్ ఆపేసి, ఐదో రోజు పొద్దున కొండెక్కి, సాయంత్రం బయల్దేరండి. లేదా మొదటి రోజే, నీళ్లలోకి దిగకముందే ఎక్కేయండి.

వీసా గురించి అడగలేదు గానీ, సబా నెదర్లాండ్స్‌లో భాగమే అయినా షెంగెన్‌లో (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో) లేదు. మీది ఇండియన్ పాస్‌పోర్టు అయితే కరీబియన్ వీసా కావాలో, మినహాయింపు ఉందో డచ్ కాన్సులేట్‌లో ముందే తేల్చుకోండి. హెచ్1బీ అయితే పాస్‌పోర్టులో స్టాంపింగ్ చెల్లుబాటులో ఉందా? స్టాంపింగ్ గడువు అయిపోయినా కెనడా, మెక్సికో వెళ్లి 30 రోజుల్లో తిరిగొచ్చే వెసులుబాటు మీకు ఈ దీవులకి ఉండదు.

అడిగినవారు:
కొండ సంగతి నిజంగా తట్టలేదండీ, థాంక్స్. స్టాంపింగ్ వచ్చే ఏడాది దాకా ఉంది. మా ఆవిడ బీచ్ ఉందా అని అడుగుతోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
బీచ్ లేదనే చెప్పండి. వెల్స్ బేలో ఇసుక కొన్ని నెలలు వచ్చి, కొన్ని నెలలు పోతుంది. బదులుగా విండ్‌వర్డ్‌సైడ్ ఊళ్లో సబా లేసు చూపించండి. మన నర్సాపురం లేసులా దారంతో అల్లేది కాదు. గుడ్డలోంచి పోగులు లాగేసి, మిగిలిన పోగుల్ని సూదితో ముడివేసి డిజైన్ తీస్తారు. మా అమ్మకి ఒక చేతిరుమాలు తెస్తే, వాడకుండా ఫ్రేము కట్టించుకుంది. ట్యాక్సీలో మాత్రం మీ ఆవిణ్ణి కొండవైపు కూర్చోబెట్టండి. ఇంజనీర్లు వేయలేమన్న ఆ రోడ్డుని జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అనే స్థానికుడు పోస్టులో ఇంజనీరింగ్ పాఠాలు తెప్పించుకుని చదివి వేయించాడు. మలుపులు చూస్తే ఇంజనీర్ల మాటలో నిజముందేమో అనిపిస్తుంది.

పక్క దీవి సెయింట్ మార్టిన్ నుంచి సబాకి చిన్న విమానంలో పావుగంట ప్రయాణం. సబా రన్‌వే 400 మీటర్లే, గాలి అనుకూలించకపోతే విమానం దిగదు. అందుకే సెయింట్ మార్టిన్‌లో కనెక్షన్‌కి మధ్య ఒక రాత్రి ఉంచుకోండి. ఫెర్రీ కూడా ఉంది, గంటన్నర, ఫిబ్రవరి అలలకి వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి. మాస్కు, రెగ్యులేటర్, కంప్యూటర్ చేతిసంచిలో పెట్టుకోండి. డబ్బు మార్చుకోనక్కర్లేదు, అక్కడా డాలర్లే.